వర్చువల్ ల్యాబ్‌తో హైస్కూల్ పిల్లలకి న్యూరాన్ పాఠం చెప్పడం ఎలా: మూడు పీరియడ్ల ప్లాన్

"సిమ్యులేషన్ పెట్టానండి, పిల్లలు భలే ఎంజాయ్ చేశారు, తీరా టెస్ట్ పెడితే ఒక్కడూ గ్రాఫ్ గీయలేదు." సైన్స్ టీచర్లు నన్ను ఎక్కువసార్లు అడిగేది ఇదే, మాటలు కాస్త అటూ ఇటూ మారతాయి అంతే. అందుకే ఒక్కసారి కూర్చుని మొత్తం రాసేస్తున్నా.

నా మొదటి క్లాస్ కూడా అచ్చం ఇలాగే పోయింది. కంప్యూటర్లు ఆన్ చేసి, న్యూరాన్ సిమ్యులేషన్ తెరిచి, "చూడండి, నేర్చుకోండి" అని వదిలేశా. నలభై నిమిషాలు బటన్ ఎవరు ఎక్కువసార్లు నొక్కుతారో పోటీ పడ్డారు. చివర్లో ఏం జరిగిందిరా అని అడిగితే "చుక్కలు లోపలికెళ్ళాయి సార్, మళ్ళీ బయటికొచ్చాయి" అన్నారు. తప్పు వాళ్ళది కాదు, వాళ్ళకి వెతకడానికి నేను ఏమీ ఇవ్వలేదు. అప్పట్నుంచి ఒకటే రూల్ పెట్టుకున్నా: కాగితం మీద అంచనా గీయకుండా ఎవరూ బటన్ ముట్టుకోకూడదు. కింద ఉన్నదంతా ఆ రూల్‌ని క్లాసులో ఎలా నడపాలన్నదే.

ఏమేం కావాలి

- ఇద్దరికో ముగ్గురికో ఒక కంప్యూటర్ లేదా ట్యాబ్. లేవా, ఒక్క ప్రొజెక్టర్ చాలు, దాని సంగతి చివర్లో చెప్తా.
- కొలరాడో బౌల్డర్ యూనివర్సిటీ వాళ్ళ ఫెట్ సైట్‌లో ఉన్న న్యూరాన్ సిమ్యులేషన్. ఉచితం, ఫైల్ డౌన్‌లోడ్ చేసుకుంటే నెట్ లేకపోయినా బ్రౌజర్‌లో నడుస్తుంది.
- హెచ్‌హెచ్‌ఎంఐ (అమెరికాలోని హోవార్డ్ హ్యూస్ మెడికల్ ఇన్‌స్టిట్యూట్) బయోఇంటరాక్టివ్ వాళ్ళ న్యూరోఫిజియాలజీ వర్చువల్ ల్యాబ్. ఇది జలగ నాడీకణాల మీద చేసే ల్యాబ్, ఇదీ ఉచితమే.
- ఇద్దరికి ఒకటి చొప్పున 30 సెం.మీ. స్కేళ్ళు.
- ఒక ఇరవై డామినోలు. లేకపోతే ఒకే సైజు పుస్తకాలు నిలబెట్టినా నడుస్తుంది.
- గ్రాఫ్ కాగితాలు, పెన్ను. పెన్సిల్ వద్దు, కారణం కింద ఉంది.

పదాల గురించి ఒక మాట. తెలుగు పుస్తకాల్లో నాడీకణం, తంత్రికాక్షం, నాడీ ప్రచోదనం అని ఉంటాయి, సిమ్యులేషన్‌లో న్యూరాన్, ఆక్సాన్, ఇంపల్స్ అని కనిపిస్తాయి. ఈ రెండు వరసలూ బోర్డు మీద పక్కపక్కన రాసి మూడు పీరియడ్లూ చెరపకుండా ఉంచండి. సగం మంది పిల్లలు ఆగిపోయేది సైన్స్ దగ్గర కాదు, పేర్ల దగ్గరే.

పీరియడ్ 1: స్క్రీన్ లేకుండా

అవును, మొదటి పీరియడ్‌లో కంప్యూటర్ తియ్యం. ముందు తమ ఒంట్లో ఏదో కొలిచాక గానీ స్క్రీన్ మీద చుక్కలు తమ లోపలి సంగతేనని పిల్లలకి అనిపించదు.

1. ముందు రోజే రెండు ల్యాబ్‌లూ క్లాసులో వాడబోయే మెషీన్ మీదే తెరిచి చూడండి, మీ ఇంటి ల్యాప్‌టాప్ మీద కాదు. పాత లింకులతో జాగ్రత్త: అడోబ్ వాళ్ళు 2020 డిసెంబర్ 31తో ఫ్లాష్‌కి సపోర్ట్ ఆపేశారు, దాని మీద కట్టిన పాత వర్చువల్ ల్యాబ్‌లు చాలావరకు ఇప్పుడు తెరుచుకోవు. హెచ్‌టీఎంఎల్ 5 వెర్షన్ ఉంటేనే ప్లాన్‌లో పెట్టుకోండి.

2. స్కేలు ఆట ఆడించండి. ఒకరు స్కేలుని పై నుంచి వేలాడదీసి పట్టుకోవాలి, రెండోవాళ్ళు సున్నా గీత దగ్గర బొటనవేలూ చూపుడువేలూ స్కేలుకి తగలకుండా తెరిచి ఉంచాలి. చెప్పకుండా వదిలేయాలి, పట్టుకున్న చోట ఎన్ని సెంటీమీటర్లో రాసుకోవాలి. పదిసార్లు చేసి సగటు తీయాలి. స్కేలు పడిన దూరం నుంచి సమయం ఇలా వస్తుంది:
10 సెం.మీ. అయితే 0.14 సెకన్లు
15 సెం.మీ. అయితే 0.17 సెకన్లు
20 సెం.మీ. అయితే 0.20 సెకన్లు
25 సెం.మీ. అయితే 0.23 సెకన్లు
30 సెం.మీ. అయితే 0.25 సెకన్లు
ఫిజిక్స్ చదివే క్లాసైతే లెక్క వాళ్ళతోనే చేయించండి, దూరాన్ని రెండుతో గుణించి 9.8తో భాగించి వర్గమూలం తీస్తే సరి, కాకపోతే దూరం మీటర్లలో ఉండాలి.

జాగ్రత్త: 5 సెం.మీ. దగ్గర పట్టేశా అనేవాడు గట్టివాడేం కాదు, ముందే ఊహించి వేళ్ళు మూశాడు. అలాంటివి కొట్టేయమనండి. వదిలేవాళ్ళు "వన్ టూ త్రీ" అనకూడదు.

3. ఇప్పుడు ఒక ప్రశ్న వేయండి: కంటి నుంచి మెదడుకి, మెదడు నుంచి చేతికి మొత్తం ఒక మీటరు దూరం అనుకుందాం, మైలిన్ తొడుగున్న నాడీ తంతువులో సిగ్నల్ సెకనుకి 50 మీటర్లు పోతుందనుకుందాం, ఎంత సమయం పట్టాలి? 0.02 సెకన్లే. మరి మీకు 0.18 ఎందుకొచ్చింది, మిగతా టైమంతా ఎక్కడ పోయింది? జవాబు మీరు చెప్పకండి. బోర్డు మీద ఆ ప్రశ్న అలాగే వదిలేసి బెల్ కొట్టనివ్వండి. (రెటీనా పని, సినాప్సుల (ఒక న్యూరాన్ ఇంకోదానికి కబురందించే చోట్ల) దగ్గర ఆలస్యం, మెదడు నిర్ణయం, కండరం కదలడం, ఇవన్నీ కలిసి ఆ మిగతా టైమ్. మూడో పీరియడ్‌కి వాళ్ళే చెప్తారు.)

పీరియడ్ 2: ఫెట్ న్యూరాన్

4. బటన్ కంటే ముందు కాగితం. అడ్డంగా సమయం, నిలువుగా వోల్టేజ్. మీరు చెప్పాల్సింది రెండే మాటలు: "ఊరికే ఉన్న న్యూరాన్ లోపల, బయటతో పోలిస్తే దాదాపు మైనస్ 70 మిల్లీవోల్టులు. ఇప్పుడు దాన్ని కదిలిస్తే ఏమవుతుందో గీయండి." మూడు నిమిషాలివ్వండి. పెన్నుతోనే గీయాలి, పెన్సిలైతే సిమ్యులేషన్ చూశాక గుట్టుగా చెరిపి సరిచేసేస్తారు, ఆ తప్పు అంచనానే మనకి కావాల్సింది. దీనికి మార్కులు లేవని గట్టిగా చెప్పండి, లేకపోతే పక్కోడిది చూసి గీస్తారు. ఎక్కువమంది సున్నా దాకా ఎక్కి ఆగిపోయే గీతో, మెల్లగా ఎక్కి మెల్లగా దిగే కొండో గీస్తారు. రెండూ మంచివే.

5. సిమ్యులేషన్‌లో పొటెన్షియల్ చార్ట్ టిక్ పెట్టి, స్టిములేట్ న్యూరాన్ బటన్ ఒక్కసారి, ఒక్కసారే నొక్కమనండి. తర్వాత చేతులు వెనక్కి. వచ్చిన గ్రాఫ్‌ని తమ గ్రాఫ్ మీదే వేరే రంగుతో గీయాలి. మూడు చోట్ల తేడా వెతకమనండి: పై కొస సున్నా దాటిందా, దిగేటప్పుడు మొదలెట్టిన చోటు కన్నా కిందికి పోయిందా, ఎక్కడానికి పట్టిన టైమూ దిగడానికి పట్టిన టైమూ ఒకటేనా.

6. ఇప్పుడు స్లో మోషన్ పెట్టి రెండోసారి. ఈసారి గ్రూపులో పని పంచండి. ఒకరు సోడియం చానళ్ళని (కణం పొరలో అయాన్లు దాటే తలుపులు) మాత్రమే చూడాలి, ఒకరు పొటాషియం చానళ్ళని మాత్రమే, మూడోవాళ్ళు గ్రాఫ్‌ని మాత్రమే. ఆపి వెనక్కి జరపడానికి వీలుంటుంది, ఆ సౌకర్యం వాడండి, ఈ సిమ్యులేషన్‌లో అన్నిటికన్నా విలువైనది అదే అని నా అభిప్రాయం. గ్రాఫ్ నిటారుగా లేస్తున్న క్షణంలో ఆపి "ఇప్పుడు ఏ తలుపు తెరిచి ఉంది" అనాలి, పై కొస దగ్గర ఆపి మళ్ళీ అదే అడగాలి, దిగుతుంటే మళ్ళీ. సోడియం చూసే పిల్ల "సార్, నాది తెరిచే ఉంది కానీ ఏదో బిరడా పడింది" అంటే ఆ క్లాస్ మీ చేతికొచ్చినట్టే, సోడియం చానల్‌కి రెండు అడ్డులుంటాయన్నది పుస్తకంలో చదివితే ఎవరికీ గుర్తుండదు.

7. తర్వాత కాన్సంట్రేషన్స్ (గాఢతలు) టిక్ పెట్టించండి. ఇంపల్స్‌కి ముందు సోడియం బయట ఎక్కువ, పొటాషియం లోపల ఎక్కువ. ఇంపల్స్ తర్వాత ఎంత మారిందో రాయమనండి. దాదాపు ఏమీ మారదు, చాలామంది అంకెలు సరిగ్గా చూడలేదేమో అనుకుని మళ్ళీ చేస్తారు, చేయనివ్వండి. తీరా కుదురుకున్నాక అడగండి: సోడియం అంతలా లోపలికి దూకితే అంకె ఎందుకు కదల్లేదు? ఎందుకంటే వోల్టేజ్ మారడానికి పొర పక్కన ఉన్న కొద్ది అయాన్లు దాటితే చాలు, కణం మొత్తంలో ఉన్న అయాన్లతో పోలిస్తే అది లెక్కలోకి రాదు.

8. బటన్ వెంటనే మళ్ళీ నొక్కమనండి. ఇంపల్స్ నడుస్తుండగా అది పనిచేయదు. "హ్యాంగ్ అయింది సార్" అని ఎవరో ఒకరు అరుస్తారు, నాకైతే ప్రతి ఏడాదీ అరిచారు. హ్యాంగ్ కాదు. ఒకసారి ఇంపల్స్ నడిచాక సోడియం చానళ్ళు సర్దుకునేదాకా న్యూరాన్ రెండోది ఇవ్వలేదు, అది మిల్లీసెకను రెండు మిల్లీసెకన్ల సంగతి. సిగ్నల్ వెనక్కి తిరగకుండా ముందుకే పోవడానికి కూడా కారణం ఇదే.

సిమ్యులేషన్ చూపించని మూడు సంగతులు

ఇవి మీరు పూడ్చకపోతే పిల్లల బుర్రలో గుంటలుగా ఉండిపోతాయి, ఇక్కడ కాస్త తీరిగ్గా ఆగండి.

మొదటిది, త్రెషోల్డ్. ఫెట్‌లో బటన్ ఎప్పుడు నొక్కినా ఇంపల్స్ వస్తుంది, చిన్నగా నొక్కడం అనేదే లేదు. దాంతో ఏ చిన్న తాకిడికైనా న్యూరాన్ పేలుతుందని పిల్లలు అనుకుంటారు. ఇక్కడే డామినోలు బయటికి తీయండి. మొదటిదాన్ని వేలితో మెల్లగా తాకితే ఊగి నిలబడుతుంది. ఇంకాస్త నెడితే వరసంతా పడిపోతుంది. గట్టిగా కొట్టినా చివరి డామినో అదే తీరున పడుతుంది, ఎక్కువ గట్టిగా పడదు. మైనస్ 55 మిల్లీవోల్టుల దగ్గర్లో ఉండే త్రెషోల్డ్ అంటే ఆ ఊగి పడిపోయే చోటు. మళ్ళీ నిలబెట్టేదాకా రెండోసారి పడవు, అంటే ఎనిమిదో స్టెప్‌లో బటన్ ఎందుకు పనిచేయలేదో కూడా ఇందులోనే ఉంది.

రెండోది, సోడియం పొటాషియం పంపు. తెర మీద ఎప్పుడూ తెరిచి ఉండే లీక్ చానళ్ళూ గేటున్న చానళ్ళూ కనిపిస్తాయి గానీ పంపు కనపడదు. మూడు సోడియంలని బయటికి తోసి రెండు పొటాషియంలని లోపలికి లాగే ఆ పంపు వెనకాల ఎప్పుడూ నడుస్తూనే ఉంటుంది అని మీరే చెప్పాలి. ఇంకో ముక్క కూడా చెప్పండి: పంపు ఇంపల్స్‌ని దించదు. గ్రాఫ్ దిగడం పొటాషియం బయటికి పోవడం వల్ల. ఈ తప్పు పిల్లలే కాదు, చాలా గైడ్లలో కూడా చూశా.

మూడోది, వేగం. స్క్రీన్ మీద కొన్ని సెకన్లు పట్టింది నిజంలో ఒకటి రెండు మిల్లీసెకన్లే. ఫోన్ స్టాప్‌వాచ్‌తో స్క్రీన్ మీది టైమ్ కొలిపించి, ఎన్ని రెట్లు నెమ్మది చేశారో లెక్క కట్టించండి. వేలల్లో వస్తుంది. ఆ అంకె వాళ్ళ నోట్స్‌లో ఉండాలి.

పీరియడ్ 3: జలగ ల్యాబ్

9. ముందే చెప్పండి, ఇందులో జలగని కోసే దృశ్యాలుంటాయని. చూడలేనివాళ్ళని బలవంతపెట్టొద్దు, వాళ్ళకి రికార్డింగులు లెక్కపెట్టే పని ఇవ్వండి, అది ఎలాగూ ఎవరో ఒకరు చేయాలి. కోత భాగం మీరు ప్రొజెక్టర్ మీద గబగబా చేసి చూపించేస్తే పదిహేను నిమిషాలు మిగులుతాయి. పిల్లలకి వదిలితే పీరియడంతా కత్తెర్లతోనే పోతుంది.

ఎందుకు జలగే అని అడుగుతారు. జలగ శరీరంలో వరసగా నాడీ ముడులుంటాయి, ఒక్కో ముడిలో దాదాపు 400 న్యూరాన్లే, అవి కూడా పెద్దవి, ఒక్కో రకం ఎప్పుడూ ఇంచుమించు ఒకే చోట ఉంటుంది. అందుకే ఒక కణాన్ని పట్టుకుని ఇది ఫలానాది అని పేరు పెట్టి చెప్పొచ్చు. మన మెదడులో ఆ వీలు లేదు.

10. చర్మాన్ని మూడు రకాలుగా తాకాలి: ఈకతో, మొద్దు పుల్లతో, పట్టకారుతో. ఇక్కడ కూడా ముందు పట్టిక గీయించండి, అడ్డంగా మూడు తాకిళ్ళు, నిలువుగా ఎలక్ట్రోడ్ పెట్టిన కణాలు. ప్రతి గడిలో ముందు అంచనా, తర్వాత లెక్కపెట్టిన స్పైకులు, అంటే రికార్డింగులో ఒక్కో ఇంపల్స్‌కి నిటారుగా లేచే గీతలు. స్పైక్ ఎత్తు కొలవొద్దు, ఎన్నొచ్చాయో లెక్కపెట్టాలి.

11. ఇప్పుడు గుర్తుపట్టడం. మెల్లటి తాకిడికే స్పందించేది టి కణం, ఒత్తిడి కావాల్సింది పి కణం, గట్టిగా గిచ్చితే గానీ లేవనిది ఎన్ కణం. తర్వాత రంగు ఎక్కించి కణం ఆకారాన్ని ల్యాబ్‌లో ఇచ్చిన బొమ్మలతో పోల్చాలి. రికార్డింగు చెప్పిందీ ఆకారం చెప్పిందీ కలిస్తేనే పేరు రాయాలి. రెండూ కలవకపోతే "తెలీదు, ఎందుకంటే" అని రాసినవాళ్ళకి పూర్తి మార్కులివ్వండి, ఊరికే టి అని రాసేసినవాళ్ళకి వద్దు.

12. చివరి పది నిమిషాలు స్కేలు ప్రశ్నకి తిరిగి రండి. గట్టి తాకిడికి స్పైక్ పెద్దది కాలేదు, ఎక్కువ వచ్చాయి. బ్రిటిష్ శాస్త్రవేత్త ఎడ్గర్ ఏడ్రియన్ 1920ల్లో ఇంద్రియ నాడుల్లో చూపించింది ఇదే, ఆయనకి 1932లో నోబెల్ వచ్చింది, షెరింగ్‌టన్‌తో కలిపి. ఇప్పుడు ఆ మిగిలిపోయిన టైమ్ ఎక్కడ పోయిందో పిల్లలతో చెప్పించండి.

ఎక్కువగా జరిగే తప్పులు

"లోపల మైనస్ అంటే లోపల నెగటివ్ అయాన్లు మాత్రమే ఉన్నాయి." ఇది ప్రతి క్లాసులోనూ వస్తుంది. లోపల పాజిటివ్ పొటాషియం బోలెడంత ఉంది కదా అని అడిగితే తికమక పడతారు. మైనస్ 70 అనేది లోపలికీ బయటికీ తేడా మాత్రమే అని, పొటాషియం కొంచెం బయటికి కారడం వల్ల లోపల ఆ కాస్త నెగటివ్ మిగిలిందని చెప్పి, ఛార్జెస్ టిక్ పెట్టి పొర రెండు పక్కలా చూపించండి.

"సోడియం ఆక్సాన్ గుండా నీళ్ళలా పరిగెత్తుతుంది." లేదు. అయాన్లు పొరని అడ్డంగా దాటుతాయి, సిగ్నల్ నిలువుగా పోతుంది. స్టేడియంలో జనం వరసగా లేచి కూర్చుంటే అల పరిగెత్తినట్టు కనిపిస్తుంది కదా, ఎవరూ సీటు వదిలి నడవరు. క్లాసులోనే ఒక వరసతో చేయించేయండి, అర నిమిషం పని.

టీచర్ల తప్పులు కూడా రెండున్నాయి. వర్క్‌షీట్‌లో ఇరవై ప్రశ్నలు పెట్టడం ఒకటి, పిల్లలు స్క్రీన్ వదిలేసి ఖాళీలు నింపుతూ కూర్చుంటారు, ఆరు దాటనివ్వొద్దు. రెండోది, గ్రూపు తప్పు అంచనా గీయగానే దగ్గరికెళ్ళి సరిచేయడం. నాకు ఇప్పటికీ చెయ్యి దురదపెడుతుంది. జేబులో పెట్టుకోండి.

నేర్చుకున్నారో లేదో ఎలా చూడాలి

సిమ్యులేషన్‌లో కనిపించిందే అడిగితే జ్ఞాపకం మాత్రమే బయటపడుతుంది. అందులో చేయడానికి వీల్లేనివి అడగండి. నేను వాడేవి ఇవి:

- బయటి సోడియం సగానికి తగ్గిస్తే గ్రాఫ్ ఎలా ఉంటుంది? పై కొస తగ్గుతుంది. హాడ్జ్‌కిన్, కాట్జ్ 1949లో స్క్విడ్ పెద్ద ఆక్సాన్ మీద చేసి చూపించిన ప్రయోగం ఇదే. పిల్లవాడు "మైనస్ 70 మారిపోతుంది" అని రాస్తే, ఊరికే ఉన్నప్పుడు పని పొటాషియంది అన్న ముక్క వాడికి అందలేదు. ఏడో స్టెప్ మళ్ళీ చేయించండి.
- పన్ను పీకే ముందు ఇచ్చే లిడోకైన్ సోడియం చానళ్ళని మూసేస్తుంది. అప్పుడు న్యూరాన్ లోపలి వోల్టేజ్ ఏమవుతుంది, నొప్పి ఎందుకు తెలీదు? విశ్రాంతి వోల్టేజ్ దాదాపు అలాగే ఉంటుంది, ఇంపల్స్ పుట్టదు, మెదడుకి కబురందదు. "న్యూరాన్ చచ్చిపోయింది" అని రాసేవాళ్ళు ఉంటారు, వాళ్ళతో మాట్లాడాలి.
- ఇద్దరిని గిచ్చాం, ఒకరిని మెల్లగా ఒకరిని గట్టిగా. ఇద్దరి రికార్డింగులూ గీయండి. స్పైకుల ఎత్తు వేరేగా గీస్తే డామినోలు మళ్ళీ తీయాల్సిందే.
- ఖాళీ కాగితం మీద గ్రాఫ్ మళ్ళీ గీసి, ఏ చోట ఏ చానల్ తెరుచుకుందో బాణాలు పెట్టమనండి. వారం తర్వాత చేయించండి, అదే రోజు కాదు. తర్వాత మొదటి రోజు పెన్నుతో గీసిన అంచనా పక్కన పెట్టి, ఏం మారిందో రెండు వాక్యాలు రాయించండి. నేను మార్కులు వేసేది ఆ రెండు వాక్యాలకే.

ఒక్క ప్రొజెక్టరే ఉంటే

బటన్ మీ దగ్గర, నిర్ణయం పిల్లల దగ్గర. ప్రతి నొక్కుడికీ ముందు ఆపి, చేతులెత్తించి ఓటు వేయించండి: లేస్తుందా, దిగుతుందా, అలాగే ఉంటుందా. క్లాస్‌ని మూడు ముక్కలు చేసి ఆరో స్టెప్‌లోలా ఎడమ వరసకి సోడియం, కుడి వరసకి పొటాషియం, మధ్య వరసకి గ్రాఫ్ అప్పజెప్పండి. నిజం చెప్పాలంటే ముప్పై కంప్యూటర్లున్న గదిలో కన్నా ఇలాగే నాకు రెండుసార్లు మంచి క్లాస్ కుదిరింది.

కరెంటు, నెట్ రెండూ నమ్మకం లేకపోతే ఫెట్ ఫైల్ పెన్‌డ్రైవ్‌లో పెట్టుకుని, జలగ రికార్డింగుల స్క్రీన్‌షాట్లు ముందే ప్రింట్ తీయించి ఉంచండి. పదో స్టెప్‌లో స్పైకులు లెక్కపెట్టడం కాగితం మీద కూడా అంతే బాగా నడుస్తుంది, ఒక్క షరతు, స్క్రీన్‌షాట్ మీద కణం పేరు ముందే కత్తిరించేయాలి.